చిన్న పట్టణపు వ్యాపారి ఎమ్మెల్యే అయితే, ఆయన జీవితచరిత్ర ఎక్కడ మొదలుపెట్టాలి?

మీ ప్రశ్నను నాకు అర్థమైన మేరకు ఒకసారి చెప్పుకుంటాను. మీ తాతగారు డెల్టాలోని ఒక చిన్న పట్టణంలో ధాన్యం కొట్టు పెట్టి, తర్వాత రైసు మిల్లు నడిపి, 1955లోనూ 1962లోనూ శాసనసభకు ఎన్నికయ్యారు. ఆయన శతజయంతికి ఒక పుస్తకం వేయాలని ఇంట్లోవారి సంకల్పం. మీ దగ్గర ఒక ట్రంకు పెట్టెడు కాగితాలు, కొన్ని ఫొటోలు, బంధువులు చెప్పే కథలు ఉన్నాయి. ఎక్కడ మొదలుపెట్టాలన్నది మీ మొదటి ప్రశ్న. వ్యాపారస్తుడు చేసిన ప్రజాసేవను ఎంతవరకు సేవగా లెక్కించవచ్చు అన్నది రెండోది.

నేరుగా చెబుతాను. అసెంబ్లీతో మొదలుపెట్టకండి, కొట్టు పద్దులతో మొదలుపెట్టండి. ఆయన వ్యాపారపు పద్దును, ఊరి పద్దును పక్కపక్కన పెట్టుకుని, ఆ రెండూ ఎక్కడెక్కడ కలిశాయో వెతకండి. రెండో ప్రశ్నకు కూడా జవాబు అక్కడే దొరుకుతుంది. ఆయన చేశారని చెప్పే ప్రతి పనికీ డబ్బు ఎవరి చేతి నుంచి వచ్చింది, దాని లెక్క ఎవరు రాశారు, ఫలితం ఎవరికి అందింది అన్నవి కాగితం మీద చూపించగలిగితే, అది సేవ అవునో కాదో చదివేవారే తేల్చుకుంటారు. మీరు వేరే విశేషణాలు వెతుక్కోవలసిన పని ఉండదు.

నేను గోదావరి జిల్లాల్లో ముప్పై ఏళ్లకు పైగా స్థానిక చరిత్ర పని చేస్తున్నాను. మీ తాతగారి వంటివారి జీవితచరిత్రలు ఆరు పూర్తిచేశాను, రెండింటిని మధ్యలో వదిలేయవలసి వచ్చింది. వాటిలో ఒకదాన్ని ఎందుకు వదిలేశానో కూడా చెబుతాను, ఎందుకంటే ఆ ఇబ్బంది రేపు మీకూ ఎదురుకావచ్చు.

మన భాషలో "పరపతి" అనే మాట ఒకటుంది. అప్పు పుట్టే శక్తిని పరపతి అంటాం, పలుకుబడినీ పరపతి అనే అంటాం. చిన్న పట్టణంలో ఈ రెండూ వేరువేరు సంగతులు కావు. రైతు కోత కోసి ధాన్యం కొట్టుకు తోలి, డబ్బు వెంటనే తీసుకోకుండా "మీ దగ్గరే ఉంచండి, అమ్మాయి పెళ్లికి తీసుకుంటాను" అన్నాడంటే, అది బ్యాంకు లేని రోజుల్లో ఆ వ్యాపారి మీద పెట్టిన నమ్మకం. అదే రైతు ఐదేళ్ల తర్వాత వెళ్లి ఓటు వేశాడు. ఆ ఓటుకు మూలం ప్రసంగాల్లో వెతికితే దొరకదు, పద్దులో దొరుకుతుంది. అందుకే మీ ట్రంకు పెట్టెలో చిట్టా ఆవర్జాలు, అంటే రోజువారీ పద్దు పుస్తకాలు, ఖాతాల పుస్తకాలు ఉంటే, ఫొటోల కంటే ముందు వాటిని పైకి తీయండి.

వాటిని చదవడానికి కొంత ఓపిక కావాలి. నేను మొదటిసారి అటువంటి పుస్తకం తెరిచినప్పుడు నాకేమీ అర్థం కాలేదు. పొడుగాటి ఎర్ర గుడ్డ అట్ట, మొదటి పేజీ నాలుగు మూలలా పసుపు, పైన "శ్రీరామ", ఆ కింద ఎడమవైపు జమ, కుడివైపు ఖర్చు. గుమస్తా చేతిరాతలో సగం మాటలు పొట్టి గుర్తులు. రూపాయలు, అణాలు, పైసలు మధ్యలో అడ్డగీతలు. అదృష్టవశాత్తు ఆ కొట్టులో చిన్నప్పుడు చేరిన పెద్దాయన ఒకరు బతికే ఉన్నారు. ఆయన కళ్లద్దాలు తుడుచుకుని, వేలితో ఒక్కొక్క వరుసా దిగుతూ నాకు చదివి వినిపించారు: గోనె సంచులు, హమాలీ కూలి, ఇంజనుకు నూనె, పడవ కిరాయి, "హైస్కూలు పెంకులకు", మళ్లీ గోనె సంచులు. హైస్కూలు పెంకుల ఖర్చు వేరే దానధర్మాల పుస్తకంలో లేదు, గోనె సంచులకూ గోనె సంచులకూ మధ్యన ఉంది. ఆ మనిషి దృష్టిలో రెండూ ఆ రోజు చేయవలసిన పనులే. ఆ ఒక్క పేజీ చూశాక, "వ్యాపార జీవితం" అని ఒక అధ్యాయం, "ప్రజాజీవితం" అని మరొక అధ్యాయం పెట్టాలనుకున్న నా విషయసూచికను మార్చేశాను. మీరు కూడా అలా విడదీయవద్దని నా సలహా.

గమనించవలసిన పద్దు మరొకటి ఉంది. ధాన్యం, బెల్లం, పొగాకు వ్యాపారం చేసే పట్టణాల్లో బస్తాకింత అని ధర్మాదాయం వసూలుచేసే అలవాటు ఉండేది. ఆ డబ్బుతో సత్రాలు, గుళ్లు, గోశాలలు, బడులు నడిచాయి. ఇది వ్యాపారి సొంత డబ్బు కాదు. చాలాసార్లు చివరికి దాన్ని భరించేది సరుకు తెచ్చిన రైతే. నేను రాసిన ఒక రైసు మిల్లు యజమాని విషయంలో, ఊరి హైస్కూలుకు స్థలం ఆయనే దానం చేశారని ఊరంతా చెప్పుకునేది. కుటుంబం కూడా అలాగే నమ్మింది. సబ్‌రిజిస్ట్రారు ఆఫీసులో నకలు తీయిస్తే, అది దానపత్రం కాదు, క్రయ దస్తావేజు. స్థలం ఆయన దాయాదులది, కొన్నది స్కూలు కమిటీ, డబ్బు ధర్మాదాయం నిధిది. ఆ సంగతి చెప్పిన రోజు ఆయన కుమారుడు నాతో చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అదే నిధి లెక్కలు ఇద్దరం కూర్చుని చూశాము. తొమ్మిదేళ్ల పాటు నలభై కొట్ల నుంచి చిల్లర వసూలుచేసి, ఒక్క నెల కూడా తప్పకుండా జమ చూపించి, మధ్యలో సొంత మిల్లుకు ఇంజను కొనడానికి డబ్బు చాలక బయట వడ్డీకి అప్పు తెచ్చుకున్నారే గానీ తన బీరువాలోనే ఉన్న ఈ నిధిని ముట్టుకోలేదు. ఆ కుమారుడే చివరికి, స్థలం ఇచ్చారన్న వాక్యం తీసేసి ఇది రాయమన్నారు. దానం చేసినవారు ప్రతి ఊళ్లోనూ ఉంటారు. ఇతరుల డబ్బును తొమ్మిదేళ్లు అలా కాపాడినవారు అరుదు, నా పుస్తకంలో అందరికీ గుర్తుండిపోయిన అధ్యాయం అదే.

కాబట్టి "స్థలం ఇచ్చారు", "ఆసుపత్రి కట్టించారు" అన్న ప్రతి మాటకూ దస్తావేజు చూడండి. ఆస్తి ఉన్న ఊరు ఏ సబ్‌రిజిస్ట్రారు ఆఫీసు పరిధిలోకి వస్తుందో కనుక్కుని, సంవత్సరం, సర్వే నంబరు చెప్పగలిగితే ఈసీ (ఆ ఆస్తి మీద జరిగిన లావాదేవీల ధ్రువపత్రం) తీయించవచ్చు, దస్తావేజు నంబరు తెలిస్తే నకలు అడగవచ్చు. మిల్లు భాగస్వామ్య సంస్థ అయితే 1932 నాటి భాగస్వామ్య చట్టం కింద రిజిస్ట్రారు ఆఫ్ ఫర్మ్స్ దగ్గర నమోదై ఉండవచ్చు. అందులో భాగస్తులు ఎప్పుడు చేరారో, ఎప్పుడు విడిపోయారో తెలుస్తుంది. స్కూలు కమిటీ, గ్రంథాలయ సంఘం వంటివాటికి సంఘాల రిజిస్ట్రేషను కాగితాలు వెతకండి. శిలాఫలకాలను కూడా ఫొటో తీసుకోండి, కానీ వాటిని పూర్తిగా నమ్మకండి. ఫలకం మీద పేరు ఉన్నవారు ఆ రోజు సభకు వచ్చినవారు, పని చేయించినవారే కానక్కరలేదు.

ఇక తేదీలు. మీ బంధువుల్లో ఒకరు 1957లో కూడా ఆయన గెలిచారని గట్టిగా అంటున్నారని రాశారు. అది పొరపాటు, కానీ ఎలా వచ్చిందో చెప్పగలను. ఆంధ్ర రాష్ట్రం 1953 అక్టోబరు 1న ఏర్పడింది. మద్యనిషేధం విషయమై ప్రకాశం పంతులుగారి ప్రభుత్వం 1954 నవంబరులో పడిపోయాక, 1955 ఫిబ్రవరిలో మధ్యంతర ఎన్నికలు జరిగాయి. 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది. 1957 సాధారణ ఎన్నికల్లో శాసనసభకు పోలింగు జరిగింది తెలంగాణ ప్రాంతంలోనే. ఆంధ్ర ప్రాంతంలో 1955లో గెలిచినవారే 1962 దాకా సభ్యులుగా కొనసాగారు. 1957లో ఆంధ్రలో లోక్‌సభకు ఓట్లు వేశారు కాబట్టి, పెద్దవారి జ్ఞాపకంలో ఆ రెండూ కలిసిపోతాయి. మీ తాతగారు రెండుసార్లే గెలిచారు, కానీ పన్నెండేళ్లు సభలో ఉన్నారు. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ, ఒక తప్పు తేదీ పుస్తకంలో పడితే తర్వాత దాన్నే అందరూ ఎత్తి రాస్తారు.

ఎన్నికల సంఘం మొదటి సార్వత్రిక ఎన్నికల నుంచి ప్రతి ఎన్నికకూ గణాంక నివేదికలు ప్రచురించింది. మీ నియోజకవర్గంలో ఎవరెవరు పోటీచేశారో, ఎవరికెన్ని ఓట్లు వచ్చాయో అందులో చూసుకోండి. 1955 పట్టికలో ఒకే నియోజకవర్గం కింద ఇద్దరు గెలిచినట్టు కనిపిస్తే కంగారుపడకండి. అప్పట్లో కొన్ని ద్విసభ్య నియోజకవర్గాలు ఉండేవి. 1961లో చట్టం చేసి వాటిని తీసేశారు. నియోజకవర్గపు హద్దులు కూడా ఎన్నికకూ ఎన్నికకూ మారాయి, అందుకే "మా ఊరు ఆయన నియోజకవర్గమే" అని ఎవరైనా చెప్పినా, ఏ ఎన్నికలోనో అడగండి. శాసనమండలి సభ్యుల గురించి రాసేవారు మరికొంత జాగ్రత్తపడాలి. ఆంధ్రప్రదేశ్ మండలి 1958లో మొదలై, 1985లో రద్దై, 2007లో మళ్లీ వచ్చింది. స్థానిక సంస్థల ప్రతినిధులు ఓటు వేసి పంపే స్థానాలు అందులో మూడోవంతు ఉంటాయి కాబట్టి మునిసిపల్ చైర్మన్లుగా, పంచాయతీ సమితి అధ్యక్షులుగా పేరు తెచ్చుకున్న వ్యాపారస్తులకు అదొక సహజమైన దారి.

1955 ఎన్నికల వాతావరణాన్ని మీ పుస్తకంలో నాలుగు పేజీలైనా చెప్పండి. కమ్యూనిస్టులు అధికారంలోకి వస్తారేమోనన్నంత వేడి మీద జరిగిన ఎన్నికలు అవి. కాంగ్రెసు, కృషికార్ లోక్ పార్టీ, ప్రజాపార్టీ కూటమి కట్టాయి. 196 స్థానాలున్న సభలో కమ్యూనిస్టులకు 15 మాత్రమే వచ్చాయి, బెజవాడ గోపాలరెడ్డిగారు ముఖ్యమంత్రి అయ్యారు. డెల్టా పట్టణాల్లో మిల్లు యజమానులు, వర్తకులు, భూస్వాములు రాజకీయాల్లోకి నేరుగా దిగడానికి ఆ పోటీ ఒక ముఖ్య కారణం. మీ తాతగారు ఎందుకు పోటీచేశారన్న ప్రశ్నకు "ప్రజలు కోరారు" అనే జవాబుతో సరిపెట్టుకోకండి. ఆయన మిల్లులో కూలీల సంఘం ఉందా, ఆయనకు ఎదురు నిలబడినవారు ఎవరు, ఆయన పేరు ఎవరు ప్రతిపాదించారు అన్నవి రాయండి. ఆయనను ఓడించడానికి పనిచేసినవారి ఇళ్లలో ఇంకా ఎవరైనా ఉంటే వాళ్ల దగ్గరికి కూడా వెళ్లండి. నాకు అత్యంత ఉపయోగపడిన సంభాషణలు అటువంటి ఇళ్లలోనే జరిగాయి, వాళ్లు తేదీలు కూడా బాగా గుర్తుపెట్టుకుంటారు.

మీరు పోల్చి చూసుకోవడానికి ఒక పెద్ద ఉదాహరణ చెబుతాను. తణుకు ముళ్లపూడి హరిశ్చంద్రప్రసాద్‌గారు 1921లో పుట్టారు, 2011లో కన్నుమూశారు. ఆంధ్రా షుగర్స్ సంస్థ 1947 ఆగస్టు 11న, అంటే స్వాతంత్ర్యానికి నాలుగు రోజుల ముందు నమోదైంది. దాని స్థాపనలో ఆయనది ముఖ్యపాత్ర. 1955లోనూ 1962లోనూ తణుకు నుంచి శాసనసభకు గెలిచారు. అంటే మీ తాతగారితో పాటే సభలో కూర్చున్నారు. జనం ఆయనను ఆంధ్రా బిర్లా అన్నారు. ఆయన గురించి రాసేవారు సాధారణంగా ఫ్యాక్టరీల జాబితా ఒకటి, పదవుల జాబితా ఒకటి, దానాల జాబితా ఒకటి ఇచ్చి ఊరుకుంటారు. అది చదివితే ఆ మనిషి ఏం చేశాడో తెలుస్తుంది గానీ, గోస్తనీ ఒడ్డున ఉన్న ఒక వ్యవసాయ పట్టణం ఎలా మారిందో తెలియదు.

అదే కథను చెరకు వెంట నడిచి చెప్పండి. చెరకు ఆడితే పంచదార, మిగిలేది మొలాసిస్ అనే చెరకు మడ్డి. మొలాసిస్‌ను పులియబెడితే ఆల్కహాలు, ఆల్కహాలు నుంచి ఎసిటిక్ ఆమ్లం, దాని నుంచి తయారయ్యే అన్‌హైడ్రైడ్‌తో ఆస్పిరిన్. పొలంలో పండినది ఏదీ వృథా కానీయకుండా దాని నుంచి మరొకటి తీయాలన్న వ్యవసాయదారుడి లెక్కే తణుకులో రసాయన పరిశ్రమ అయింది. తర్వాత కొవ్వూరులో, సగ్గొండలో రసాయనాల ఫ్యాక్టరీలు వచ్చాయి. అదే సంస్థ ఇస్రో రాకెట్లకు కావలసిన యూ.డి.ఎం.హెచ్. అనే ద్రవ ఇంధనాన్ని కూడా తణుకులో తయారుచేసింది. వరి, చెరకు తప్ప మరొకటి తెలియని ప్రాంతంలో కుర్రవాళ్లకు బాయిలరు ఆపరేటరు, కెమిస్టు అనే ఉద్యోగాలు వచ్చాయి. అటువంటి ఊరికి పాలిటెక్నిక్కులు, ఆసుపత్రులు ఎందుకు అవసరమయ్యాయో అప్పుడు వేరే చెప్పనక్కరలేదు.

అయితే ఇక్కడే అసలు ప్రశ్న ఉంది, మీ పుస్తకానికీ అదే ప్రశ్న. ఆంధ్రప్రదేశ్ చెరకు సరఫరా, కొనుగోలు నియంత్రణ చట్టం 1961లో వచ్చింది. ఏ ఊళ్ల చెరకు ఏ ఫ్యాక్టరీకి వెళ్లాలో నిర్ణయించడం, రైతుకూ ఫ్యాక్టరీకీ మధ్య కొనుగోలు ఒప్పందాలు ఆ చట్టం పరిధిలోకి వస్తాయి. చెరకు రైతులు ఓటు వేసి పంపిన సభ్యుడూ, చెరకు కొనే ఫ్యాక్టరీ పెద్దా ఒకరే అయినప్పుడు, ఆ బిల్లు చర్చకు వచ్చిన రోజు సభలో ఏం జరిగిందన్నది ఆయన జీవితచరిత్ర రాసేవారు తప్పక చదవవలసిన పేజీ. అది ఆయనను తప్పు పట్టడానికి కాదు. వ్యాపారి-శాసనసభ్యుడు అనే జోడు పాత్రలో ఉన్న బరువంతా అటువంటి రోజున ఆ మనిషి మీద పడుతుంది, ఆ రోజును దాటవేసి రాసిన జీవితం సగం జీవితమే.

మీ తాతగారి విషయంలో చెరకు బదులు బియ్యం. ఆ కాలంలో మిల్లర్ల మీద లెవీ ఉండేది. ఆడించిన బియ్యంలో ఇంత భాగం ప్రభుత్వం నిర్ణయించిన ధరకు ఇవ్వాలి, మిగిలినదే బయట అమ్ముకోవాలి. 1965లో భారత ఆహార సంస్థ (ఎఫ్‌సీఐ) ఏర్పడిన తర్వాత ఆ సేకరణ మరింత పెద్దదైంది. 1955 నిత్యావసర సరుకుల చట్టం, 1957 అమ్మకపు పన్ను చట్టం, సరుకు జిల్లాలు దాటించడానికి పర్మిట్లు — ఇవన్నీ మీ తాతగారికి పొద్దున మిల్లులో తలనొప్పులు, మధ్యాహ్నం సభలో చర్చనీయాంశాలు. ఆయన లెవీ గురించి ఏం మాట్లాడారు? మిల్లర్ల సంఘం తరఫున మాట్లాడారా, బియ్యం కొనుక్కుని తినే కూలీల తరఫున మాట్లాడారా, ఏమీ మాట్లాడలేదా? మూడింటిలో ఏది నిజమైనా అదే రాయండి.

చట్టం మాట కూడా చెబుతాను. ప్రభుత్వానికి సరుకులు సరఫరా చేయడానికి గానీ, ప్రభుత్వ పనులు చేయడానికి గానీ తన వ్యాపారరీత్యా ఒప్పందం కుదుర్చుకుని అది అమలులో ఉన్నవారు శాసనసభ్యులుగా ఉండడానికి అనర్హులు. ప్రజాప్రాతినిధ్య చట్టంలో ఇప్పుడిది 9ఎ సెక్షను, 1966 సవరణకు ముందు 7వ సెక్షనులో ఉండేది. లాభదాయక పదవుల నిషేధం రాజ్యాంగం 191వ అధికరణంలో ఉంది. లెవీ ఇవ్వడం చట్టం విధించిన బాధ్యత, హాస్టళ్లకు బియ్యం సరఫరాకు టెండరు వేయడం ఒప్పందం. ఈ రెంటినీ కలిపి మాట్లాడకూడదు. మీ తాతగారు పోటీకి ముందు ఏదైనా కాంట్రాక్టు వదులుకున్నారా, మిల్లు వాటా తమ్ముడి పేరుకో మరొకరి పేరుకో మార్చారా అన్నది భాగస్వామ్య పత్రాల్లో చూడండి. మార్చి ఉంటే దానికి మంచి కారణమూ ఉండవచ్చు, మరొక కారణమూ ఉండవచ్చు. తేదీలు పక్కపక్కన పెట్టండి చాలు. ఇప్పటి అభ్యర్థులకైతే ఆస్తులు, అప్పులు, కేసులు చెప్పే అఫిడవిట్లు ఉన్నాయి, కానీ అవి సుప్రీంకోర్టు తీర్పుల తర్వాత 2003 ప్రాంతం నుంచి వచ్చినవి. మీ తాతగారి తరానికి అటువంటి కాగితం ఉండదు, పద్దు పుస్తకాలే దిక్కు.

నేను మధ్యలో వదిలేసిన రెండు పుస్తకాల్లో ఒకటి ఇక్కడే ఆగిపోయింది. ఆ సభ్యుడి మిల్లు మీద లెవీ ఎగవేత కేసు ఒకటి నడిచి, కొట్టివేతకు గురైంది. కోర్టు తీర్పు ఆయనకు అనుకూలంగానే ఉంది. అయినా ఆ కేసు ప్రస్తావన వద్దని కుటుంబం పట్టుబట్టింది. ఊళ్లో అరవై ఏళ్లు దాటినవారందరికీ తెలిసిన సంగతిని పుస్తకం దాచిపెడితే, అందులోని నిజాలను కూడా ఎవరూ నమ్మరని చెప్పి చూశాను. వారు ఒప్పుకోలేదు, నేను రాయలేదు. మీరు కుటుంబ సభ్యులే కాబట్టి మీకు ఇది ఇంకా కష్టం. పని మొదలుపెట్టే ముందే ఇంట్లోవారందరినీ కూర్చోబెట్టి, ఏ కాగితం దొరికినా పుస్తకంలో చోటు ఉంటుందని ఒప్పించుకోండి. తర్వాత అడిగితే ఒప్పుకోరు.

ఇప్పుడు అసెంబ్లీకి వద్దాం. శాసనసభ చర్చల సంపుటాలు సభ గ్రంథాలయంలో ఉంటాయి. సభ్యులు ఏ భాషలో మాట్లాడితే ఆ భాషలోనే అచ్చయ్యాయి కాబట్టి, తెలుగు, ఇంగ్లీషు ఒకే పేజీలో కనిపిస్తాయి. వెనుక ఉన్న పేర్ల సూచిక పట్టుకుని ఆయన పేరు దగ్గర ఉన్న ప్రతి పేజీ చూడండి. ముందుగా ప్రశ్నోత్తరాలు, తర్వాత బడ్జెట్ డిమాండ్ల మీద చర్చలు, ఆ డిమాండ్లను తగ్గించాలని పెట్టే కోత తీర్మానాలు. ప్రసంగాల కంటే ప్రశ్నలు ఎక్కువ చెబుతాయి. ఫలానా కాలువ శివారు భూములకు నీరు ఎందుకు అందలేదు, ఫలానా వంతెన అంచనా ఎక్కడ ఆగింది అని అడిగిన ప్రశ్న వెనుక ఒక ఊరు ఉంటుంది.

ఆయన పెద్దగా మాట్లాడలేదని తేలితే నిరుత్సాహపడకండి. నేను రాసిన ఒక సభ్యుడు, పట్టణంలో పొగాకు వ్యాపారి, చర్చల్లో దాదాపు కనిపించరు. పెద్ద కుమార్తె ఆ సంగతి విని చిన్నబుచ్చుకున్నారు. ఆ తర్వాత అటక మీద నుంచి ఒక బిస్కెట్ల డబ్బా దించారు. దాని నిండా పోస్టుకార్డులు, అన్నీ నియోజకవర్గం నుంచి వచ్చినవే. ప్రతి కార్డు మూలా ఎర్ర పెన్సిలుతో ఒక తేదీ, "రాశాను" లేదా "వెళ్లాను" అన్న ఒక్క మాట, కొన్నింటి మీద "కాదన్నారు". పంపుసెట్టుకు కరెంటు, తక్కావీ అప్పు (రైతుకు ప్రభుత్వం ఇచ్చే అప్పు), బడికి రెండో మాస్టారు, ఆసుపత్రిలో మంచం, శివారు కాలువకు నీరు. ఒక కార్డు నాకు ఇప్పటికీ గుర్తుంది. ఒక తల్లి తన కొడుకుకు హాస్టల్లో సీటు కావాలని వేరొకరి చేత రాయించి, కింద వేలిముద్ర వేసింది. మూల "వెళ్లాను" అని మూడుసార్లు మూడు తేదీలతో ఉంది, చివర "ఇచ్చారు" అని ఉంది. శాసనసభ చర్చల్లో ఎక్కడా లేని ఆయన ప్రజాజీవితం ఆ డబ్బాలో ఉంది. కార్డులను విషయాల వారీగా విడదీసి, ఆ కాలంలో ఆ ప్రాంతపు మనుషులకు ప్రభుత్వంతో ఏమేమి అవసరాలు పడ్డాయో ఒక అధ్యాయం రాశాను. వ్యాపారి కాబట్టే ఆయనకు ఆ అలవాటు ఉంది. వచ్చిన ప్రతి ఉత్తరమూ ఆయనకొక బాకీ, తీరే దాకా ఖాతా మూసేవారు కాదు.

ఆ కాలపు ఎమ్మెల్యే చేతిలో నియోజకవర్గ నిధులు లేవన్నది గుర్తుపెట్టుకోండి. ఎంపీల నిధుల పథకమే 1993లో వచ్చింది. అంతకు ముందరి ఎమ్మెల్యే "వంతెన వేయించారు" అంటే, ఆ శాఖ బడ్జెట్‌లో దాన్ని పెట్టించారని, లేదా సమితిలో తీర్మానం చేయించారని, లేదా చందాలు పోగుచేసి ప్రభుత్వ వాటాకు జతచేశారని అర్థం. 1959 చట్టంతో పంచాయతీ సమితులు, జిల్లా పరిషత్తులు వచ్చాక ఎమ్మెల్యే తన ప్రాంతపు సమితిలో సభ్యుడు కూడా. కాబట్టి సమితి మినిట్స్ పుస్తకాలు వెతకండి. 1980లలో సమితులు పోయి మండలాలు వచ్చినప్పుడు చాలా రికార్డులు చెల్లాచెదురయ్యాయి, అయినా మండల పరిషత్ ఆఫీసులోనో జిల్లా పరిషత్‌లోనో కొన్ని దొరుకుతాయి. ఆయన ఎమ్మెల్యే కావడానికి ముందు మునిసిపల్ కౌన్సిలరుగానో పంచాయతీ ప్రెసిడెంటుగానో ఉండి ఉంటే, ఆ మినిట్స్ ఇంకా విలువైనవి. కుళాయిల పన్ను, సంత వేలం, మార్కెట్ రోడ్డు వెడల్పు చేయడం వంటి నిర్ణయాల్లో ఎవరు అవునన్నారు, ఎవరు కాదన్నారు అన్నది అందులో పేర్లతో ఉంటుంది. మార్కెట్ రోడ్డులో సొంత కొట్టు ఉన్న మనిషి రోడ్డు వెడల్పుకు ఓటు వేశాడా లేదా అన్నది ఒక్కటి చాలు, పది పేజీల పొగడ్తలకంటే ఎక్కువ చెబుతుంది.

నోటిమాటల విషయంలో నా పద్ధతి ఒక్కటే చెబుతాను. కథ విన్నాక "ఇది మీకు ఎవరు చెప్పారు, అప్పుడు మీరెక్కడున్నారు" అని అడిగి అదీ రాసుకుంటాను. మిల్లులో పనిచేసిన ఆడకూలీలను, హమాలీలను, డ్రైవరును, ఇంట్లో వంట చేసినవారిని తప్పక కలవండి. ఎన్నికల రోజుల్లో ఇంట్లో ఎన్ని విస్తళ్లు లేచేవో, ఎవరిని లోపలికి పిలిచి కూర్చోబెట్టేవారో, ఎవరిని అరుగు మీదే ఉంచి మాట్లాడేవారో వాళ్లకే తెలుసు. మీ నాయనమ్మగారి గురించి మీ ప్రశ్నలో ఒక్క మాట కూడా లేదు. ఆయన హైదరాబాదులో సభకు వెళ్లినప్పుడు ఇక్కడ మిల్లు తాళాలు ఎవరి దగ్గర ఉండేవి, కూలీలకు శనివారం బట్వాడా ఎవరు చేసేవారు? నేను రాసిన ఆరుగురిలో నలుగురి ఇళ్లలో ఆ పని చేసింది భార్యలే, చిట్టాలో చేతిరాత మారిన చోట ఆ సంగతి బయటపడింది. పదవి పేరు ఆయనది, దాన్ని మోసిన ఇల్లు ఆమెది అయితే ఆమెకు పుస్తకంలో సొంత అధ్యాయమే రావాలి.

పెట్టె తెరిచేటప్పుడు కొంచెం జాగ్రత్త. ఎండలో పెట్టకండి, లామినేషన్ చేయించకండి, సెల్లో టేపు అంటించకండి. చెద పట్టిన పుస్తకాన్ని వేరుచేసి మెత్తటి కుంచెతో దులపండి. ఏ కట్టలో ఏ కాగితం ఏ వరుసలో ఉందో విప్పక ముందే ఫొటో తీసుకోండి, ఎందుకంటే ఆయన దేన్ని దేనితో కలిపి కట్టారన్నది కూడా ఒక సమాచారమే. తర్వాత పుస్తకానికి పేజీ నంబర్లు వేసుకుంటూ వరుసగా స్కాన్ చేయండి.

మొదట ఏ పుస్తకం తీయాలని అడిగితే 1955 ఫిబ్రవరి ఉన్న చిట్టా తీయమంటాను. పోలింగు జరిగిన నెల అది. డెల్టాలో దాళ్వా (రెండో పంట) పైరు పొలంలో ఉండి, సార్వా (మొదటి పంట) ధాన్యం కొట్లలో అమ్మకానికి ఉండే రోజులు. జీపు కిరాయి, కరపత్రాల అచ్చుకూలి, భోజనాల సరుకులు ఆ పద్దులో ఎవరి ఖాతాకు రాశారో, ఆ నెలలో రైతుల బాకీలు వసూలుచేశారో లేక ఆపారో చూసి, వీలైతే ఆ పేజీల్లో ఉన్నది ఇక్కడ రాయండి. పొట్టి గుర్తులు చదవడంలో ఇబ్బంది పడితే నేను సాయం చేస్తాను.